కడవ ఎత్తిన రాజు

కాకసస్ మంచుకొండల ఒడిలో, ద్రాక్షతోటలే సిరిసంపదలుగా బతికే కార్త్లి సీమలో, పూర్వం ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. దానికి పడమట రోమక చక్రవర్తి, తూర్పున పారసీక చక్రవర్తి. ఒకరు తుమ్మితే రెండోవారు కత్తి దూసేవారు. వారిద్దరి నడుమ ఆ రాజ్యం అడకత్తెరలో పోకచెక్క.

ఆ పోకచెక్కను ఏలే రాజు పేరు బెష్కెన్. మనసు వెన్న. మంచి పాట వింటే సభ అని కూడా చూడక కంటతడి పెట్టేవాడు. తాతగారు నాటిన తోటలో ఒక్కొక్క తీగనూ పేరు పెట్టి పిలిచేవాడు. ఇన్ని సుగుణాలకూ పైన ఒక్క బలహీనత గొడుగు పట్టుకొని కూర్చుంది. బిరుదు అన్న మాట చెవిన పడితే చాలు, ఆయనకు ఒళ్లు తెలిసేది కాదు. ఆయన భోజనానికి కూర్చుంటే వందిమాగధులు బిరుదులన్నీ చదివి ముగించేలోగా వేడి వేడి జున్ను రొట్టె చల్లారి చెక్కయ్యేది.

ఈ సంగతి చక్రవర్తులిద్దరికీ తెలుసు. సేన కదిలితే గుర్రాలకు మేత కావాలి. బిరుదుకు మేత అక్కరలేదు.

వారికి కావలసింది ఒకటే. ఆ రాజ్యానికి ఉత్తరాన, రెండు కొండల నడుమ, ఇరుకైన కనుమ ఒకటి ఉంది. దానికి ఇనుప తలుపు. తలుపుకు అవతల గుర్రపుదండులు తిరిగే మహా మైదానాలు. తలుపు తెరిచే హక్కు ఎవరి చేతిలో ఉంటే వారు ఆ దండులను రెండోవారి మీదికి ఉసిగొల్పవచ్చు. జానెడు పొడవున్న ఆ తాళంచెవి తరతరాలుగా కార్త్లి రాజుల నడికట్టుకే వేలాడుతూ వచ్చింది.

వసంతంలో రోమక రాయబారి వచ్చి, 'మహాప్రాసాద రక్షామణి' అనే బిరుదూ, నేల మీద జీరాడే ఊదారంగు అంగీ సమర్పించాడు. రాజు పొంగిపోయి, చేతిలోని కొమ్ము పైకెత్తి, "కొత్త మధువు విందు ముగియగానే తాళంచెవి నీ చేతిలో పెడతాను" అనేశాడు.

వేసవిలో పారసీక రాయబారి వచ్చి, 'సింహాసన సోదరుడు' అనే బిరుదూ, ముత్యాలు కుట్టిన అంగీ సమర్పించాడు. రాజు మళ్లీ పొంగాడు. మళ్లీ కొమ్ము లేచింది. మళ్లీ అదే మాట.

కొమ్ము సంగతి కాస్త చెప్పాలి. ఆ దేశంలో మధువు తాగేది కొండమేక కొమ్ముతో. దానికి అడుగు ఉండదు. నిండుగా ఉండగా బల్ల మీద పెడితే ఒరిగి ఒలికిపోతుంది. అందుచేత పట్టినవాడు ఖాళీ చేసే తీరాలి. కొమ్ము పట్టి అన్న మాటా అటువంటిదే. దాన్ని నడుమ దించడానికి వీలులేదు.

ఇక శరదృతువు వచ్చింది. విందుకు మేము వస్తున్నామంటూ పడమటి నుంచీ తూర్పు నుంచీ ఒకేసారి కబుర్లు వచ్చాయి. రాజు హుటాహుటిన షియోను పిలిపించాడు.

షియో ఆ కొలువులో తమదా. తమదా అంటే విందుకు పెద్ద. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ఎప్పుడు కొమ్ము ఎత్తాలో, విందు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో చెప్పేవాడు అతడే. పంక్తి సాగినంతసేపూ అతని మాటకు రాజైనా తల వంచవలసిందే. పక్కపక్కన కూర్చున్న అతిథులు ఒకరి ఇంటిని ఒకరు పేరు పెట్టి దీవించాక, తమదా లేచి, విందు ముగిసిందని పలుకుతాడు. దీవెనలు లేనిదే విందు ముగియదు. ఇరుగుపొరుగువారికి అది క్షణంలో జరిగిపోయే మర్యాద కనుక, దాన్ని గురించి ఎవరూ ఎన్నడూ ఆలోచించి ఎరుగరు.

షియో వచ్చేసరికి రాజు రెండు అంగీలనూ పీఠం మీద పరిచి, వాటి చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాడు.

"ఏమోయ్ షియో, పెద్ద చిక్కే వచ్చిపడింది. ఊదాది తొడిగితే పారసీకుడికి కోపం. ముత్యాలది తొడిగితే రోమకుడికి కోపం. ఏది తొడగమంటావు?"

షియో తెల్లబోయాడు. తాళంచెవి ఒకటి, మాటలు రెండు. రాజుగారి బెంగ మాత్రం అంగీల మీద! అతని నాలుక ఆగలేదు.

"కాలికి ఒకటి చొప్పున తొడగండి ప్రభూ. తమరు ఎలాగూ రెండు పడవల మీద రెండు కాళ్లు పెట్టారు కదా."

సభ గొల్లుమంది. రాణిగారు కూడా ముసుగు చాటున నవ్వారు. ఆ నవ్వే రాజుకు ముల్లులా గుచ్చుకుంది. పక్కనున్న సేవకుడి చేతిలోని నిండు కొమ్ము లాక్కొని ఎత్తాడు.

"ఈ కొమ్ము సాక్షి! తాళంచెవి ఒక్కరికే దక్కుతుంది. దక్కనివాడు మండిపడతాడు. ఆ మంట చల్లార్చడానికి, విందు ముగిసిన మర్నాడే నిన్ను వాడి వెంట తాకట్టు మనిషిగా పంపిస్తాను! నీ చమత్కారాలు అక్కడ చెప్పుకో!"

గుటగుటా తాగి కొమ్ము బోర్లించాడు. అప్పటికే మీసాలు వాలిపోయాయి. అన్నందుకు నొచ్చుకున్నాడు కానీ, కొమ్ము పట్టి అన్న మాట.

షియో చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"చిత్తం ప్రభూ. విందు ముగిసిన మర్నాడే కదా?"

"మర్నాడే!"

"సభవారందరూ విన్నారు కదా?"

"విన్నారయ్యా, విన్నారు! ఇక దయచెయ్!"

షియో ఇంటిదారి పట్టాడు కానీ, అతని మనసు కనుమ కింది పల్లెల మీదే ఉంది. అతడు పుట్టింది అక్కడే. తాకట్టు మనిషికి పరదేశంలో ఇంత కూడు దొరకకపోదు. కనుమ తలుపు ఏ పక్షం చేతికి పోయినా, రెండో పక్షం సేన వచ్చి దిగేది మాత్రం ఆ పల్లెల మీదే. గుర్రపు డెక్కల కింద నలిగిన తోట మళ్లీ కాపుకు వచ్చేసరికి ఒక మనిషి యౌవనం కరిగిపోతుంది. ఎర్రమట్టి నేలలోని ఆ తోటలు అతని కళ్లలో మెదిలాయి.

మర్నాడు ఉదయం రాజు తాతగారి తోటలో ఒంటరిగా కనిపించాడు. కిరీటం ఒక గుంజకు తగిలించి, ఒక తీగకు కట్టు కడుతున్నాడు.

"వచ్చావా," అన్నాడు తల ఎత్తకుండానే. "నిన్న ఏదో కోపంలో అనేశాను. నువ్వు లేకపోతే నా విందులకు పెద్ద ఎవడోయ్? నీ తరవాత ఉన్నవాడికి జోకు చెప్పడం రాదు, చెబితే ఆపడం రాదు."

"ఆ సంగతి తరవాత చూద్దాం ప్రభూ. ముందు అంగీల చిక్కు విప్పమంటారా?"

రాజు ముఖం వికసించింది. "విప్పగలవా?"

"తమరు చెప్పండి. బిరుదు ఇచ్చేవాడు పెద్దా, పుచ్చుకునేవాడు పెద్దా?"

రాజు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఇచ్చేవాడే అనుకో."

"ఇంతవరకూ ఇచ్చింది వారు, పుచ్చుకున్నది తమరు. ఈ విందులో తమరు పోయండి, వారు కొమ్ము చాస్తారు. అప్పుడు ఎవరు పెద్ద?"

"పోయడమా? అంటే కడవ ఎత్తుకొని పంక్తి చుట్టూ తిరగమంటావా? మహాప్రాసాద రక్షామణిని! సింహాసన సోదరుణ్ణి!"

"తాతగారు తిరగలేదా ప్రభూ? అతిథిని దేవుడు పంపుతాడని మన పెద్దల మాట. దేవుడు పంపినవాడికి సేవకుడి చేత పోయించడం మర్యాదేనా? పైగా కడవ ఎత్తేవాడికి పొడుగు చేతుల అంగీలు అడ్డం. తోటపని చొక్కా చాలు."

రాజు తన ఒంటి మీది మట్టి చొక్కా కేసి చూసుకున్నాడు. మెల్లగా పెదవి విచ్చుకుంది.

"అంటే, ఏ అంగీ తొడగనక్కరలేదా! ఇంత సులువా!" అని, మరుక్షణంలో కళవళపడ్డాడు. "మరి తాళంచెవి?"

"అది విందు ముగిశాక మాట. తమరు కడవ ఎత్తినవారు. తమదా అడిగితే తప్ప అతిథులతో పలకకూడదు. అంతమటుకు మాట ఇవ్వండి, చాలు."

రాజు ఇచ్చాడు. అంగీల బాధ తప్పిందన్న సంబరంలో ఆయన ఇంకేమీ అడగలేదు.

విందునాడు నేలలో పాతిన పెద్ద బానల మీది మట్టిముద్రలు విప్పారు. కొత్త మధువు వాసన కోటంతా కమ్ముకుంది. రోమక రాయబారి లియోంతి వచ్చాడు. బక్కపలుచని మనిషి. మాట తూచి గానీ బయటికి వదలడు. పారసీక రాయబారి బర్జిన్ వచ్చాడు. ఉంగరాల గడ్డం, ఉరుము నవ్వు. ఇద్దరి వెనుకా స్వదేశం నుంచి వచ్చిన పరివారం బారులు తీరి నిలబడింది.

ఇద్దరూ రాజును వెతికారు. రాజు కాళ్లకు చెప్పులైనా లేకుండా, భుజాన కడవతో, ఎదురు వచ్చాడు.

"ఇదేమిటి? మా ప్రభువు పంపిన అంగీ ఎక్కడ?" అని ఇద్దరూ ఒక్క గొంతుతో అడిగారు.

షియో ఎత్తుపీఠం మీది నుంచి తల పంకించి రాజుకు అనుమతి ఇచ్చాడు.

"మీ ప్రభువుల అంగీల మీద మా మధువు మరక పడితే అపచారం కాదా? పెట్టెలో భద్రంగా దాచాను. కూర్చోండి," అన్నాడు రాజు.

షియో వారిద్దరినీ ఒకే పులితోలు మీద పక్కపక్కన కూర్చోబెట్టాడు. రాజు పోయడం మొదలుపెట్టాడు. మొదట మధువు కొమ్ముల బయట కూడా పడింది. రెండో వరసకు వచ్చేసరికి నోరూ చేయీ కుదురుకున్నాయి. "ఏ తీగది?" అని తమదా అడగడం, రాజు చెప్పడం.

"ఇది తాతగారు నాటినది. పిడుగుపడి నిలువునా చీలింది. చచ్చిందనుకున్నాం. ఆ ఏడే విరగకాసింది, మొండిఘటం! ఇదిగో, ఇది మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చిన తీగ. కోపిష్ఠిది. నీళ్లు ఎక్కువైతే అలుగుతుంది."

లియోంతి తనకు తెలియకుండానే చెవి ఒగ్గాడు. బర్జిన్ రెండోసారి కొమ్ము చాచాడు. వందిమాగధుడు అలవాటు చొప్పున బిరుదులు ఎత్తుకోబోతే రాజే చేయి విసిరాడు. "ఆగవయ్యా, రొట్టె చల్లారుతుంది!"

పాటలు అయ్యాయి. మాంసాలు అయ్యాయి. అక్రోటు కాయలు, దానిమ్మపండ్లు వచ్చాయి. బర్జిన్ గొంతు సవరించుకున్నాడు.

"విందు బాగుంది. రాజా, ఇక ఆ తాళంచెవి ఇలా దయచేయించండి."

లియోంతి ఉలిక్కిపడ్డాడు. "మీకా? మాట నాకు ఇచ్చారు!"

"నాకు!"

రాజు కడవ బిగించి పట్టుకొని షియో కేసి చూశాడు.

"రాజుగారు ఇద్దరికీ మాట ఇచ్చారు," అన్నాడు షియో నిబ్బరంగా. "ఇద్దరు అతిథుల పట్లా ఒకే ఆదరం. విందు ముగియగానే మీ ఇద్దరి చేతులూ కలిపి, వాటిలో తాళంచెవి పెడతారు. ఒకరినొకరు దీవించుకున్న చేతులు దాన్ని పంచుకోలేవా?"

"దీవించుకోవడం ఏమిటి?" అన్నాడు లియోంతి.

"మా కట్టుబాటు. పక్కనున్న అతిథి ఇంటిని పేరు పెట్టి దీవించాలి. ఇక్కడ మీ ఇల్లు అంటే మీ చక్రవర్తుల ఇల్లే కదా. 'పారసీక సింహాసనం వర్ధిల్లుగాక' అని మీరు, 'రోమక సింహాసనం వర్ధిల్లుగాక' అని వారు. కొమ్ములు ఖాళీ. విందు సమాప్తం."

ఇద్దరు రాయబారులూ నెమ్మదిగా వెనక్కి తిరిగి తమ తమ పరివారాలను చూశారు. పరివారాలు రెప్ప వేయకుండా వారినే చూస్తున్నాయి. శత్రువు సింహాసనాన్ని దీవించిన నాలుక స్వదేశంలో ఎంతకాలం నోట్లో ఉంటుందో ఇద్దరికీ తెలుసు.

"ముందు ఆయనను అనమనండి," అన్నాడు బర్జిన్.

"నేను అన్నాక ఆయన అనకపోతే?" అన్నాడు లియోంతి.

"అప్పుడు విందు ముగియదు," అన్నాడు షియో. "మీ దీవెన మాత్రం మిగిలిపోతుంది."

లియోంతి పెదవులు ముడిచాడు. కాసేపటికి ఒక ఉపాయం తట్టింది. "నా పక్కనున్నవారు క్షేమంగా ఇల్లు చేరుదురుగాక!"

"అది దారికి దీవెన. ఇంటికి కాదు."

బర్జిన్ కొమ్ము ఎత్తాడు. "రోమక సింహాసనం దాని అర్హతకు తగినంతకాలం నిలుచుగాక!"

"అది దీవెన కాదు స్వామీ, శాపానికి పట్టుబట్ట కట్టడం. కడవ ఎత్తినవారా, వారి కొమ్ము మళ్లీ నింపండి!"

పంక్తి అంతా పకపకా నవ్వింది. లియోంతి కూడా నవ్వబోయి ఆపుకున్నాడు.

విందు మర్నాడూ సాగింది. ఆ మర్నాడూ సాగింది. తెల్లవారగానే అతిథులు వచ్చి కూర్చోవడం, కడుపునిండా తినడం, దీవెన దగ్గర నోరు కట్టుబడిపోవడం. ఎవరైనా కోపించి లేచిపోతే రెండోవాడు ఒంటరిగా రాజు దగ్గర మిగులుతాడు. ఆ భయంతో ఇద్దరూ పులితోలు వదలలేదు. అటు కొండకొమ్ముల మీద మంచు రోజురోజుకూ కిందికి దిగుతోంది.

చివరికి బర్జిన్ ఓపిక నశించింది. రాజు వంగి మధువు పోస్తుండగా, ఆయన చెవిలో గుసగుసలాడాడు. "ఈ పిచ్చి కట్టుబాట్లు మీకేల? తాళంచెవి ఇప్పుడే నా చేతిలో జార్చండి. 'తూర్పు పడమరల సూర్యుడు' అనే బిరుదు ఇప్పిస్తాను. ఇంతవరకూ ఏ రాజుకూ లేదు."

రాజు చెవులు ఎర్రబడ్డాయి. తూర్పు పడమరల సూర్యుడు! ఎడమచేయి తనంత తానే నడికట్టు మీదికి పోయింది.

షియో ఎత్తుపీఠం మీది నుంచి ఆ చేతిని చూశాడు. కేక వేస్తే రాజు నలుగురిలో సిగ్గుపడతాడు. సిగ్గుపడిన రాజు మొండికేస్తాడు. కేక వేయకపోతే కనుమ పోతుంది. అతడు రోజూ అడిగే ప్రశ్నే, రోజూ అడిగినంత మామూలుగా అడిగాడు.

"కడవ ఎత్తినవారా, ఇప్పుడు పోస్తున్నది ఏ తీగది?"

రాజు అలవాటుగా కడవలోకి చూశాడు. వాసన పట్టాడు.

"ఇదా? ఇది కనుమ కింది ఎర్రమట్టిది. తలుపు నీడలోనే..."

మాట అక్కడే ఆగిపోయింది. ఆయన అన్నదే ఆయన చెవిని మళ్లీ తాకినట్లు అయింది. ఎడమచేయి నడికట్టు వదిలి కడవ కిందికి వచ్చింది. బర్జిన్ కొమ్ము నిండింది. పొంగింది. మధువు అతని పట్టు అంగీ చేతి మీదుగా మోచేతిదాకా కారినా రాజు పోయడం ఆపలేదు.

"తాగండి అతిథీ," అన్నాడు మెత్తగా. "విందు ఇంకా ముగియలేదు."

షియో ఆ రోజు తాను ఎత్తవలసిన కొమ్ము ఎత్తడం మరిచిపోయాడు.

తరవాత కొద్దిరోజులకే వాకిట్లో మొదటి మంచు కురిసింది. ఇక ఆగితే వసంతందాకా దారులు మూసుకుపోతాయి. చిత్రమేమంటే, వెళ్లేటప్పుడు రాయబారులిద్దరి ముఖాలూ తేటగానే ఉన్నాయి. శత్రువుకు తాళంచెవి దక్కలేదు, తన నోట దీవెన రాలేదు. ఇంటికి వెళ్లి చెప్పుకోవడానికి అది చాలు. ఇద్దరూ ఒకే ఘడియలో గుర్రమెక్కి, ఎడమొగం పెడమొగంగా సాగిపోయారు.

రాజు వాకిట్లోనే నిలబడి, వారు కనుమరుగయ్యేదాకా చూసి, గంతులు వేసినంత పని చేశాడు.

"పోయారు! షియో, పోయారోయ్! తాళంచెవి ఇక్కడే ఉంది!" అంటూ వెనుతిరిగి, షియో ముఖం చూసి, టక్కున ఆగిపోయాడు. "కానీ ఇద్దరూ చేతులు ఊపుకుంటూ పోయారు. మంట రెండు చోట్లా ఉంటుంది. నేనేమో కొమ్ము పట్టి అన్నాను. ఎవరి దగ్గరికి పంపేది నిన్ను? ఎలా పంపేది?"

"తమరు ఏమన్నారో సభవారందరూ విన్నారు ప్రభూ. విందు ముగిసిన మర్నాడే అన్నారు."

"అన్నానుగా! అదే కదా నా ఏడుపు!"

"విందు ముగిసిందని తమదా చెప్పాడా?"

రాజు నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు.

"చెప్పలేదు! దీవెనలే కాలేదు! మరి... ఎప్పుడు ముగుస్తుందోయ్?"

"వారిద్దరూ ఒకరి ఇంటిని ఒకరు మనసారా దీవించుకున్న నాడు. అప్పుడు తాళంచెవి ఇచ్చి, తమరి మాట దక్కించుకోండి. నన్నూ పంపించండి, వెళతాను. అయితే ప్రభూ, అటువంటి రోజే వస్తే తాకట్టు మనిషితో ఎవరికి పని? కనుమకు తలుపుతో మాత్రం ఏం పని?"

రాజు ఆ మాటను మధువులా నోట్లో తిప్పుకున్నాడు. అంతలో ఇంకేదో తట్టి, కళ్లు చిట్లించాడు.

"ఉండు ఉండు. విందు ముగియకపోతే, అంతవరకూ పంక్తికి పెద్దవు నువ్వే. నేను నీ ఎదట కడవ ఎత్తేవాణ్ణి!"

"కట్టుబాటు ప్రభూ. నేను పెట్టింది కాదు."

"ఓరి నీ తెలివి తెల్లారా! అంగీల చిక్కు విప్పమంటే రాజ్యం చిక్కునే విప్పావు, నన్ను మాత్రం కట్టేశావు!"

అని రాజు నవ్వడం మొదలుపెట్టాడు. మీసాలు అదిరేలా, మంచు మీద చతికిలపడి, కళ్లనీళ్లు కారేలా నవ్వాడు. మేడ మీది నుంచి రాణిగారు ముసుగు తీసేసి మరీ నవ్వారు. ఈసారి ఆ నవ్వు ఆయనకు గుచ్చుకోలేదు.

"ఇలా రా షియో, నీకు బహుమానం ఇవ్వాలి. ఒక గొప్ప బిరుదు..."

"ప్రభూ, తాకట్టే నయం!"

రాజు మళ్లీ నవ్వి, ఈసారి తన వెండి కట్టు కొమ్మును షియో చేతిలో పెట్టాడు. కనుమ కింది ఎర్రమట్టి నేలలో తన సొంత తోటను, ఉన్న తీగలతో సహా, అతని పేర ధారపోశాడు. ధారకు నీళ్లు తెస్తుంటే వద్దని, తానే కడవ ఎత్తి, మధువుతోనే ధార వదిలాడు.

ఊదా అంగీ, ముత్యాల అంగీ ఆ తరవాత ఎవరూ తొడగలేదు. పిట్టలు వాలే కాలంలో తోటలో చెరొక బెదురుబొమ్మకు కనిపించేవని చెప్పుకునేవారు. ప్రతి ఏటా చక్రవర్తుల నుంచి కబురు వచ్చేది, తాళంచెవి ఎప్పుడిస్తారని. ప్రతి ఏటా బెష్కెన్ రాజు ఒకటే జవాబు పంపేవాడు.

"రండి, కూర్చోండి. విందు ఇంకా ముగియలేదు."